కృష్ణా మడ అడవులకు హోదా కన్నా ముందు హక్కులు, నీళ్ళు

చీరాల, వేటపాలెం మొదలుకొని బాపట్ల మీదుగా రేపల్లె దాకా సాగే మన తీరానికి రెండు రూపాలున్నాయి. వాడరేవు, రామాపురం, సూర్యలంక వైపు ఇసుక, దాని వెనక సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు. నిజాంపట్నం దాటి కృష్ణ మొగల వైపు పోయేకొద్దీ ఇసుక తగ్గి ఒండ్రు మొదలవుతుంది. సరుగుడు స్థానంలో నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పు పొన్న కనపడతాయి. ఇవతల అడవులదీవి, కొత్తపాలెం, లంకెవానిదిబ్బ మొదలు అవతలి గట్టున నాచుగుంట, సొర్లగొంది, ఎలిచెట్లదిబ్బ వరకు పరుచుకున్న ఈ మడ అడవుల్ని ప్రభుత్వం 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఉన్న ఈ ప్రాంతం 2022 జిల్లాల విభజన తర్వాత బాపట్ల, కృష్ణా జిల్లాల కిందికి వచ్చింది. ఇంత విలువైన అడవిని అభయారణ్యం స్థాయిలోనే ఎందుకు ఉంచాలి, జాతీయ ఉద్యానవనంగా ఎందుకు మార్చకూడదు అనే ప్రశ్న అడవి మీద ప్రేమ ఉన్న ప్రతి ఒక్కరికీ కలుగుతుంది. ఈ ప్రసంగంలో ఆ ప్రశ్ననే తీసుకుని, దానికి చట్టం ఏమంటుందో, అనుభవం ఏం చెబుతుందో పరిశీలిద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ అడవికి ఇవాళ కావలసినవి రెండు. ఒకటి, మొగ దాకా చేరే మంచినీరు, దాంతో వచ్చే ఒండ్రు. రెండు, అడవిని నమ్ముకుని బతికే యానాదులకు, మత్స్యకారులకు కాగితం మీద ఖాయమైన హక్కు. ఈ రెండూ తేల్చకుండా హోదా ఒక్కటీ పెంచితే అడవికి కొత్తగా వచ్చే మేలు చాలా తక్కువ, మనుషులకు జరిగే నష్టం చాలా ఎక్కువ. రెండూ తేలిన తర్వాత మాత్రం, అడవి నడుమ ఉన్న దీవుల వరకు జాతీయ ఉద్యానవనం చెయ్యటంలో తప్పు లేదు, చెయ్యాలి కూడా. అంటే నా పట్టుదల అంతా ఏది ముందు, ఏది వెనక అన్న దాని మీదనే.

అభయారణ్యాన్ని ఉద్యానవనంగా మార్చటం మన రాష్ట్రానికి కొత్త కాదు. తిరుమల కొండల చుట్టూ 1985లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర అభయారణ్యంలో 353 చదరపు కిలోమీటర్లు 1989లో జాతీయ ఉద్యానవనం అయింది. గోదావరి పక్కన 1978లో ఏర్పడిన పాపికొండల అభయారణ్యం 2008లో వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనం అయింది. పాపికొండల సంగతి మనం శ్రద్ధగా చూడాలి. ఆ కొండల్లో కొండరెడ్ల గూడేలు ఉన్నాయి. పోడు, వెదురు, అటవీ ఫలసాయం వాళ్ళ బతుకు. హోదా పెరిగిన నాటి నుంచి అడవిలో వాళ్ళు ఏం చెయ్యవచ్చు, ఏం చెయ్యకూడదు అన్న నిబంధనలు బిగిశాయి. ఆ అడవి అంచునే కడుతున్న పోలవరం జలాశయం ప్రణాళిక మాత్రం హోదా వచ్చినందువల్ల మారలేదు. చిన్న చేతుల్ని ఆపటానికి ఆ హోదా పనికొచ్చింది, పెద్ద ఆనకట్టని ఆపటానికి అది సరిపోలేదు. పోలవరం కావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఒక హోదా దేనిని ఆపగలదు, దేనిని ఆపలేదు అన్న కొలత మాత్రం ఇక్కడ స్పష్టంగా దొరుకుతుంది.

ఇక చట్టం చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యానికి, జాతీయ ఉద్యానవనానికి వేరువేరు సెక్షన్లున్నాయి. పక్కపక్కన పెట్టి చదివితే పోలికలే ఎక్కువ. అభయారణ్యం హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి; ఉద్యానవనానికీ అంతే. అనుమతి లేకుండా చెట్టు కొట్టటం, వన్యప్రాణుల ఆవాసాన్ని పాడు చెయ్యటం రెండు చోట్లా నేరమే. లోపలికి వచ్చే నీటి ప్రవాహాన్ని మళ్ళించకూడదు, ఆపకూడదు అన్న నిబంధన 29వ సెక్షన్‌లో అభయారణ్యానికి ఉంది, 35వ సెక్షన్‌లో ఉద్యానవనానికి ఉంది. ఎండిన కట్టె, రాలిన మాను, గడ్డి కూడా తియ్యకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వు రెండింటికీ వర్తిస్తుంది. మరి తేడా ఎక్కడుంది? అభయారణ్యంలో స్థానికులకున్న ఏదైనా హక్కుని విచారణ తర్వాత కొనసాగనిచ్చే అధికారం, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడితో సంప్రదించి, కలెక్టరుకి ఉంది. జాతీయ ఉద్యానవనం విషయంలో ఆ ఒక్క ఉపనిబంధనని చట్టం తీసేసింది. అక్కడ హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడిన తర్వాతే తుది ప్రకటన వస్తుంది. పశువుల మేతని అభయారణ్యంలో నియంత్రించవచ్చు. ఉద్యానవనంలో అది పూర్తిగా నిషేధం. అసలు తేడా అంతా మనుషుల హక్కుల దగ్గరే ఉంది. కాబట్టి హోదా మార్చాలా అన్న ప్రశ్న చివరికి ఒక్క చోట తేలాలి: ఈ అడవికి ముప్పు అక్కడి మనుషుల వల్ల వస్తోందా, ఇంకెక్కడి నుంచైనా వస్తోందా?

జవాబు కోసం ముందు ఆ మనుషుల పని ఎలాంటిదో దగ్గరగా చూడాలి. పాటు తీసినప్పుడు కాలవల్లో నీరు దిగి, బురద నేల బయటపడుతుంది. మడచెట్ల చుట్టూ పెన్సిలు మొనల్లా వేళ్ళు పైకి పొడుచుకుని ఉంటాయి; గాలి ఆడని బురదలో చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఆ వేళ్ళ మధ్య బురదలో బొరియలు చేసుకుని మండపీతలు ఉంటాయి. యానాదులు ఏ బొరియలో పీత ఉందో దాని నోటి దగ్గరి బురద చూసి పోలుస్తారు. కొనవంచిన ఇనప ఊచ లోపలికి పెట్టి, పీతని బయటికి లాగి, దాని కొండీలు తాడుతో కట్టేస్తారు. పోటు తగిలేలోపు పని ముగించి బయటపడాలి. ఈ పనికి చెట్టు కొట్టక్కర్లేదు, పైగా చెట్టు ఉంటేనే ఈ పని ఉంటుంది. మడ నరికిన చోట పీత ఉండదు. రొయ్యపిల్ల, చేపపిల్ల పెరిగేవి ఈ వేళ్ళ నీడలోనే. తల్లి మండపీత గుడ్లు పొదగటానికి సముద్రంలోకి పోతుంది, పిల్లలు తిరిగి మడలోకి వస్తాయి. పండుగప్ప కూడా సముద్రానికీ ఉప్పుకయ్యలకీ మధ్య తిరిగే చేపే. అందుకే వాడరేవులోనో రామాపురంలోనో పడవ దింపే మత్స్యకారుడి వేట కూడా ఎంతో కొంత ఆ మడతో ముడిపడి ఉంది. వేటపాలెం వాళ్ళకి ఈ అడవి దూరం అనిపించవచ్చు గానీ, మన సంతలో గంపకెత్తిన చేపకి అది దూరం కాదు.

అసలు ముప్పు పైనుంచి వస్తోంది. మడ చెట్టు ఉప్పునీళ్ళలో బతుకుతుందన్న మాట నిజమే గానీ, ఉప్పునీళ్ళు మాత్రమే ఉంటే గిడసబారిపోతుంది. నది మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసిన చోటే అది ఏపుగా పెరుగుతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, ఆ పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇంకా పైన ఆలమట్టి, వీటన్నిటి తర్వాత మొగకి చేరే నీరు ఏటికేడు తగ్గుతూ వచ్చింది. వానలు లేని ఏళ్ళలో దాదాపు చేరకుండా పోయింది. వరద ఏళ్ళలో పరిస్థితి ఇంకో రకం: 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినట్టు, కొద్ది రోజుల్లో అంతా ఒక్కసారే వచ్చి పోతుంది. తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. నీటితో పాటు ఒండ్రూ ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1960ల చివర్లో కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్ళకి అది సుమారు 4 లక్షల టన్నులకి పడిపోయింది. ఒండ్రు రాని డెల్టాని సముద్రం కోసేస్తుంది, కోత పడిన చోట ముందుగా పోయేది తీరపు మడే. ఈ నష్టానికి పీతలు పట్టే యానాదికి ఏ సంబంధమూ లేదు. దీన్ని సరిచెయ్యటానికి ఉద్యానవనం బోర్డు కూడా పనికిరాదు. నీటి మళ్ళింపుని ఆపే 29వ సెక్షన్ అభయారణ్యానికి ఇప్పటికే ఉంది. వందల కిలోమీటర్ల ఎగువన ఉన్న జలాశయాల దాకా దాని చెయ్యి అందలేదు. 35వ సెక్షన్‌లో అవే మాటలు రాసినంత మాత్రాన ఆ చెయ్యి పొడుగు కాదు.

రెండో ముప్పు అంచుల్లో ఉంది. 1990ల మొదట్లో రొయ్యల సాగు పొంగు వచ్చినప్పుడు రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల్లోనూ, కృష్ణ అవతలి గట్టునా చెరువులు మడని ఆనుకుని లేచాయి, చాలా చోట్ల మడని తిని లేచాయి. జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల్ని తొలగించమంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ సాధికార సంస్థ కోసం చట్టం వచ్చింది. అంటే దీనికీ చట్టం కొరత లేదు. చెరువు గట్టు ఎక్కడ ఆగాలో, దాని మురుగు ఏ కాలవలోకి పోవాలో చూసి ఆపే నిఘా కొరత ఉంది. అభయారణ్యం గీతకి బయట ఉన్న చెరువుకి, లోపల ఉన్న అడవి పేరు ఏదైనా ఒకటే.

మూడో సంగతి, అడవిని బాగు చేసిన అనుభవం. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడులోని పిచ్చవరం మడ అడవుల్ని పరిశీలించినప్పుడు, అక్కడ నేల బీడు పడటానికి ప్రధాన కారణం ఒకప్పుడు ప్రభుత్వమే వంతులవారీగా అడవిని మొత్తం నరికించిన పద్ధతి అని తేల్చింది. నరికిన చోట నేల ఎండి, కుంగి, గిన్నెలా అయింది. పోటుకి లోపలికి వచ్చిన నీరు పాటుకి బయటికి పోలేక నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుని ఏ మొక్కా మొలవకుండా పోయింది. దీనికి మందు కూడా అదే సంస్థ కనిపెట్టింది. చేప వెన్నెముక నుంచి ముళ్ళు చీలినట్టు, ఒక పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా రెండు పక్కలా పిల్ల కాలవలు తవ్వటం. పోటుపాట్ల నీరు మళ్ళీ వచ్చిపోవటం మొదలైతే ఉప్పు కడుక్కుపోతుంది, మడ నారు నిలబడుతుంది. 1990ల చివరి నుంచి కృష్ణా, గోదావరి మొగల్లో ఈ పద్ధతిలో పని జరిగింది. ఆ కాలవలు తవ్వింది, నారు నాటింది, తర్వాత పశువులు పడకుండా కాపు కాసింది మొగ పక్క పల్లెల వాళ్ళే. అటవీశాఖతో కలిసి సంరక్షణ సమితులుగా ఏర్పడి చేశారు. అడవి పోవటంలో ప్రభుత్వం చేతికీ పాలుంది, తిరిగి రావటంలో పల్లెల చేతికి పాలుంది. అలాంటప్పుడు రక్షణ పేరుతో మొదట బయటికి పంపవలసింది పల్లెనా?

మనుషుల్ని తీసేస్తే ప్రకృతి తనంతట తాను బాగుపడుతుందన్న నమ్మకానికి మన దేశంలోనే ఒక పరీక్ష జరిగింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రం 1980ల మొదట్లో కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం అయింది. చట్టం ప్రకారం మేత ఆపాలి కనక 1982 నవంబరులో గేదెల్ని రానివ్వటం మానేశారు. ఊళ్ళు తిరగబడ్డాయి. పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. గేదెలు మేసే గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి నీటి మడుగుల్ని కమ్మేసింది. పక్షులకి చేపలు దొరికే జాగా, ఈదే జాగా తగ్గిపోయింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పదేళ్ళ పాటు అక్కడే చేసిన అధ్యయనం ఈ సంగతిని బయటపెట్టి, గేదెల మేత ఆ చిత్తడి నేలకి అవసరమేనని చెప్పింది. మేత ఆపమన్న వాళ్ళలో ఆ సొసైటీకి పెద్దదిక్కయిన సలీం అలీ గారూ ఉన్నారన్నది గుర్తుంచుకుంటే, ఈ ఫలితం ఎంత నిజాయితీగా చెప్పిందో అర్థమవుతుంది. అక్కడితో అయిపోలేదు. 1985లో ప్రపంచ వారసత్వ హోదా కూడా వచ్చిన ఆ ఉద్యానవనం 2000ల దశకంలో నీళ్ళు లేక ఎండిపోయింది. ఎగువన కట్టిన పాంచనా ఆనకట్ట నీటిని ఆపింది, రైతులు తమ వాటా వదలలేదు. రెండు హోదాలుండీ నీళ్ళు రాలేదు. చివరికి వేరే కాలవల నుంచి, చంబల్ నుంచి నీరు తేవటానికి విడిగా పథకాలు వెయ్యవలసి వచ్చింది. మడ అడవి, పక్షుల చెరువు ఒకటి కాకపోవచ్చు. అయినా హోదా వేరు, నీరు వేరు అన్న పాఠం రెండింటికీ ఒకటే.

ఇక ఎదురుగా వచ్చే అభ్యంతరాలకి వద్దాం. మొదటిది: మత్స్యకారులు, యానాదులు అమాయకులని అనుకోవటం పాతకాలపు ఊహ, ఇప్పుడు వంటచెరకు కోసం మడ కొడుతున్నారు, సన్నకన్ను వలలతో పిల్ల చేపని కూడా ఊడుస్తున్నారు, పీతకి పైదేశాల్లో గిరాకీ ఉంది కనక పట్టటానికి అంతు లేదు అని. ఇందులో నిజం ఉంది. కాదనలేను. అయితే ఎవరి హక్కో తెలియని నీటిలోనే ఈ దోపిడీ ఎక్కువ జరుగుతుంది. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుంది. ఫలానా ఊరి వాళ్ళు ఫలానా కాలవల్లో, ఫలానా వలతో, ఫలానా నెలల్లో పట్టుకోవచ్చు అని రాసి ఇస్తే, బయటి ఊరి మోటారు పడవని అడ్డుకునే అధికారం, అవసరం రెండూ ఆ ఊరికి వస్తాయి. ఉమ్మడి వనరుల్ని జనం కట్టుబాట్లతో ఎలా కాపాడుకుంటారో ప్రపంచమంతటి ఉదాహరణలతో చూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన తీరంలో కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట విరామాన్ని తూర్పు తీరమంతా పాటిస్తోంది. కట్టుబాటు ఎందుకో తెలిసి, కష్టకాలంలో భృతి అందితే మత్స్యకారుడు దానికి కట్టుబడతాడు.

రెండో అభ్యంతరం: 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా, అది జాతీయ ఉద్యానవనాల్లోనూ వర్తిస్తుంది, హోదా మారినా హక్కులు పోవు అని. చట్టం మాట వరకు అది నిజం. నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కుని కూడా ఆ చట్టం గుర్తిస్తుంది. ఆచరణకి వస్తేనే చిక్కు. రిజర్వు అడవిని నేరుగా అభయారణ్యంగా ప్రకటించే వీలు వన్యప్రాణి చట్టంలో ఉంది. అలాంటి చోట, అడవిని రిజర్వు చేసిన నాడే హక్కుల విచారణ ముగిసిందని లెక్క. తరతరాల వాడుక అప్పటి నుంచి అధికారుల ఓర్పు మీద నడుస్తుంది. ఓర్పు హక్కు కాదు, అధికారి మారితే అదీ మారుతుంది. పైగా షెడ్యూల్డు తెగ అయిన యానాదులకి 2005 డిసెంబరు 13 నాటి స్థితి చూపితే చాలు. మిగతా మత్స్యకారులు ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఆధారపడి బతికామని చూపించాలి. ఉప్పెనలకి ఇళ్ళే కొట్టుకుపోయిన పల్లెలు 75 ఏళ్ళ కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాయి? పెద్దల వాంగ్మూలాన్ని, ఊరి తీర్మానాన్ని సాక్ష్యంగా తీసుకుని, గ్రామసభల్లో ఓపికగా ఈ పని పూర్తి చెయ్యాలి. హోదా మార్చాక ఈ పని చేద్దామంటే, పోయిన దాన్ని తిరిగి సంపాదించుకునే భారం బలహీనుడి మీద పడుతుంది. మార్చక ముందే చేస్తే నిరూపించే భారం ప్రభుత్వం పంచుకుంటుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. బావురు పిల్లి సంగతేమిటి, నీటికుక్కల సంగతేమిటి అని. నీళ్ళలో దిగి చేపని వేటాడే బావురు పిల్లి ప్రపంచంలోనే ముప్పులో ఉన్న జాతి. మన చట్టంలో అత్యున్నత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. కృష్ణా మడ దానికి దక్షిణాదిలో మిగిలిన ముఖ్యమైన నెలవుల్లో ఒకటి. దానికి అలికిడి లేని జాగా కావాలి, ఇది తప్పనిసరి. దీనికి జవాబు ఒడిశాలో ఉంది. అక్కడి భితర్‌కనిక మడ అడవి 1975లో అభయారణ్యం అయింది, విస్తీర్ణం 672 చదరపు కిలోమీటర్లు. 1998లో దానిలో నడిమి భాగం, 145 చదరపు కిలోమీటర్లు మాత్రమే, జాతీయ ఉద్యానవనం చేశారు. చుట్టూ ఉన్నది అభయారణ్యంగానే ఉంది. అక్కడ సమస్యలు లేవని కాదు, మొసళ్ళకీ ఊళ్ళకీ గొడవలున్నాయి. కానీ మొత్తాన్ని ఒకే గాటన కట్టకుండా, గట్టి కాపలా అవసరమైన చోటుకి గట్టి హోదా, మనుషులు వాడుకునే చోటుకి మెత్తటి హోదా ఇచ్చిన పద్ధతి మనకి సరిపోతుంది. ఊరు లేని, వేట తక్కువ ఉన్న నడిమి దీవుల్ని, పక్షులు గూళ్ళు కట్టే తోపుల్ని, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరపు ఇసుక దిబ్బల్ని ఊళ్ళతో కూర్చుని గుర్తించాలి. వాటి వరకు ఉద్యానవనం చెయ్యాలి. అంచున ఉన్న ప్రైవేటు, సామూహిక భూముల్ని 2002 సవరణతో చట్టంలోకి వచ్చిన సామూహిక రక్షిత ప్రాంతాలుగా ఊళ్ళ యాజమాన్యంలోనే ఉంచి కాపాడవచ్చు. ఈ దారి చట్టంలో 20 ఏళ్ళకి పైగా తెరిచే ఉంది.

జాతీయ ఉద్యానవనం అంటే కేంద్రం నిధులు వస్తాయి, పర్యాటకులు వస్తారు, జిల్లాకి పేరు వస్తుంది అని ఇంకో మాట. వన్యప్రాణి ఆవాసాల సమగ్ర అభివృద్ధికి కేంద్రం నడిపే పథకం అభయారణ్యాలకీ వర్తిస్తుంది, సామూహిక రక్షిత ప్రాంతాలకి కూడా వర్తిస్తుంది. మడ అడవుల పెంపకానికి 2023 కేంద్ర బడ్జెట్‌లో మిష్టీ పేరుతో విడిగా పథకమే ప్రకటించారు. నిధుల కోసం హోదా మార్చనక్కర్లేదు. పర్యాటకం గురించి తొందర అసలే వద్దు. సూర్యలంకలో సెలవు రోజున కనిపించే జనం, ప్లాస్టిక్కు మడలోకి వస్తే, హోదా తెచ్చిన మేలు కన్నా కీడే ఎక్కువవుతుంది.

చివరి అభ్యంతరం అడవి గురించి కాదు, నీటి గురించి. నీళ్ళు వృథాగా సముద్రం పాలవుతున్నాయన్న మాట మనం వరదొచ్చిన ప్రతిసారీ వింటాం. పొలం ఎండుతుంటే మొగకి నీళ్ళు వదలమనటం ఎలా సబబు అని రైతు అడుగుతాడు, అడగటం న్యాయమే. బచావత్ ట్రిబ్యునల్ 1970లలో కృష్ణలో పంచిన 2060 టీఎంసీల్లో మొగ అడవి పేరున ఒక్క వాటా లేదు. సాగు కోసం, కరెంటు కోసం మూడు రాష్ట్రాలు వాదించుకున్నాయి, అడవి తరఫున వాదించిన వాళ్ళు లేరు. కానీ మొగకి చేరే నీటి వల్ల లాభపడేది అడవి ఒక్కటే కాదు. మంచినీటి ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు పాయల్లో పైకి ఎగబాకుతుంది, భూగర్భంలోకి చొరబడుతుంది. నిజాంపట్నం, రేపల్లె మండలాల చివరి ఊళ్ళ రైతుకి, బోరు నీళ్ళు తాగే ఇంటికి ముందుగా తగిలే దెబ్బ అది. వరదనంతటినీ మొగ కోసం దాచమని ఎవరూ అడగటం లేదు, సాగునీరు ఆపమని అసలే అడగటం లేదు. వరద తగ్గిన నెలల్లో బ్యారేజీ నుంచి కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా కిందికి వదిలే కనీస ప్రవాహాన్ని లెక్కగట్టి, దాన్ని నీటి పంపకంలో ఒక పద్దుగా రాయటమే కావలసింది. ఒక హక్కుగా రాయనిది కరువు ఏట మొదట కోతపడుతుంది. మొగ విషయంలో ఇప్పటి దాకా జరిగింది అదే.

ఇదంతా పిల్లుల కోసం, పీతల కోసం చేసే ధర్మకార్యం అనుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమని ముంచెత్తిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. సొర్లగొంది లాంటి మొగ పల్లెలు ఆ రాత్రి ఏమయ్యాయో ఈ తీరంలో పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అంత ఎత్తు ఉప్పెనని మడ చెట్టు పూర్తిగా ఆపుతుందని నేననటం లేదు. కానీ 1999 ఒడిశా మహా తుపానులో కేంద్రపడా జిల్లా పల్లెల మరణాల లెక్కలు తీసి సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువ జరిగాయి. ఈ అడవి నిలబడటం రేపల్లె వెనక ఉన్న ప్రతి ఊరి భద్రతకి సంబంధించిన విషయం. కనకనే దాన్ని తొందరపాటు ప్రకటనతో సరిపెట్టకూడదు.

కాబట్టి నేను కోరే వరస ఇది. ముందుగా, మొగ పల్లెలన్నిటిలో గ్రామసభలు జరిపి, అటవీ హక్కుల చట్టం కింద యానాదుల, మత్స్యకారుల సామూహిక హక్కుల్ని రాసివ్వాలి. దానితో పాటే, కాలవల వారీగా, వలల వారీగా, నెలల వారీగా కట్టుబాట్లు రాసుకుని, వాటి అమలులో ఊరికి, అటవీశాఖకి ఉమ్మడి బాధ్యత పెట్టాలి. రెండోది, మొగకి కనీస ప్రవాహాన్ని నీటి పంపకంలో చేర్చాలి. అంచుల్లో ఉన్న చెరువుల్ని సర్వే చేసి, హద్దు దాటిన వాటిని తొలగించి, ఆ నేలలో చేపముల్లు కాలవలు తవ్వి మడ పెంచాలి. ఈ రెండూ జరిగిన తర్వాత, నడిమి దీవుల్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించమని అడగటానికి మొదట ముందుకొచ్చేది ఆ పల్లెలే అవుతాయి, ఎందుకంటే ఆ దీవుల్లో పెరిగిన పీత, చేప చివరికి తమ కాలవల్లోకే వస్తుందని వాళ్ళకి తెలుసు. ఎన్నికల ముందు హోదా ప్రకటించమని అడగటం సులువు. వేటపాలెం నుంచి లంకెవానిదిబ్బ దాకా ఈ తీరంలో ఓటు ఉన్న ప్రతివారూ, వచ్చే ప్రతి అభ్యర్థినీ మూడు ప్రశ్నలు అడగాలి: మొగకి ఏడాదికి ఎన్ని టీఎంసీలు రాయిస్తారు, ఏ ఊళ్ళకి హక్కు పత్రాలు ఇప్పిస్తారు, ఏ చెరువుల గట్లు తీయిస్తారు? ఈ మూడింటికీ అంకెలతో, ఊళ్ళ పేర్లతో, తేదీలతో జవాబు చెప్పగలిగిన ప్రభుత్వానికే ఈ అడవి హోదా మార్చే అర్హత ఉంటుంది.